ల్యాబ్ కంప్యూటర్‌లో పోయినేడు

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో ఎనిమిదేళ్ళు పనిచేశాను. కాగితం మీద నా ఉద్యోగం పేరు పొడవుగా ఏదో ఉండేది గానీ, ప్యాకింగ్ ఆడవాళ్ళ దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా నన్ను "కంప్యూటర్లకు మందు కొట్టే ఆమె" అనేవాళ్ళు. అక్కడ మందంటే అందరికీ తెలుసు. తెగులు రాకుండా విత్తనానికి గులాబీరంగు మందు పట్టించి సంచికెత్తుతారు. ఆ పొడి గోడల మీద, ఫైళ్ళ మీద, నా కీబోర్డు సందుల్లో ఉండేది. ఇంటికొచ్చి తల దువ్వుకుంటే దువ్వెనలో కూడా ఉండేది. కంప్యూటర్‌కు కూడా తెగులు వస్తుందనీ, దానికీ మందు ఉందనీ చెబితే వాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. ఎన్ని దినాలకోసారి కొట్టాలని మాత్రం అడిగారు. వారానికోసారి అన్నాను. అది నిజమే.

నేను కంప్యూటర్ నేర్చుకున్నది తొంభైల్లో, బస్టాండు వెనక ఒక మేడ మీద. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, కాళ్ళు తుడుచుకొని లోపలికి పోవాలి. అప్పటి వైరస్‌లు పాపం మర్యాదస్తులు. ఫ్లాపీలో ఎక్కి వచ్చి, తెర మీద ఏదో బొమ్మ ఆడించి, మనల్ని కాసేపు బెదరగొట్టి పోయేవి. రెండువేలు దాటాక వచ్చినవి అట్లాంటివి కావు. ఒకరు ఒక్క మెయిల్ తెరిస్తే చాలు, కేబుల్ పట్టుకొని ఆఫీసులో ఉన్న పన్నెండు కంప్యూటర్లకూ పాకేవి. అందుకని ఇంటి నుంచి ఎవరైనా ఫ్లాపీ తెచ్చి పెడితే వాళ్ళ వయసూ హోదా చూడకుండా కసిరేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాకు ఎక్కలేదు. పని తెలుసు నాకు. తెలుసన్న గర్వం దానికంటే ఒక పిడికెడు ఎక్కువే ఉండేది.

కొత్త వైరస్‌ల వివరాలు ఉండే ఫైలు వారానికోసారి టెలిఫోన్ లైను మీద దింపుకోవాలి. గంట పట్టేది. మధ్యలో పక్కగదిలో ఎవరైనా ఫోన్ ఎత్తితే మళ్ళీ మొదటికే వచ్చేది. దాన్ని ముక్కలు చేసి నాలుగు ఫ్లాపీల్లోకి ఎత్తి, వాటి మీద ఒకటి రెండు మూడు నాలుగు అని రాసి, శనివారం పూట ఆళ్ళగడ్డ బస్సెక్కేదాన్ని. మా విత్తన పరీక్ష ల్యాబూ, సంచులు నింపే ప్లాంటూ అక్కడ ఉండేవి. శిరివెళ్ల దాటేదాకా నిలబడి, ఆపైన సీటు దొరికితే కూర్చొని, ఫ్లాపీలకు ఎండ తగలకుండా బ్యాగు ఒళ్ళో పెట్టుకొని పోయేదాన్ని. ల్యాబ్ పక్కనే శిల్పాలు చెక్కే షెడ్డు. పొద్దున్నుంచీ ఉలి చప్పుడు వినబడుతూనే ఉండేది. మొదట తలనొప్పి వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

మా కంప్యూటర్లు పాతవి. వాటిలోని యాంటీవైరస్ అంతకంటే పాతది. ఒక ఏడాది మార్చిలో దాని గడువు తీరిపోయింది. హైదరాబాదు డీలర్‌కు ఫోన్ చేస్తే, పాతదానికి ఇక లైసెన్సు ఇవ్వం, కొత్తది తీసుకోండి అన్నాడు. కొత్తది తెప్పించి ఒక మిషన్‌లో ఎక్కించి చూశాను. నేను టీ తాగి గ్లాసు కడిగి వచ్చినా అది ఇంకా మొదలవుతూనే ఉంది. ఎట్లాగో మొదలయ్యాక ఇంకేదీ తెరుచుకోలేదు. కాపలాకు పెట్టుకున్న మనిషే గడపకు అడ్డంగా పడుకుంటే ఇంట్లోకి ఎవరు పోతారు. మేనేజర్‌ను కొత్త కంప్యూటర్లు అడిగితే, సీజన్ అయిపోనీమ్మా చూద్దాం అన్నాడు. విత్తనాల కంపెనీలో సీజన్ అయిపోవడమనేది ఉండదు. వరి అయితే శనగ, శనగ అయితే పొద్దుతిరుగుడు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. కంప్యూటర్‌లో తేదీని ఒక ఏడాది వెనక్కి పెడితే, పాత యాంటీవైరస్ తనకింకా గడువుందనుకొని లేచి కూర్చునేది. ఫ్లాపీలో తెచ్చిన ఫైళ్ళు కూడా తీసుకునేది. సరిగ్గా ఒక్క ఏడాదే వెనక్కి పెట్టాను. అట్లయితే రోజు, నెల అవే ఉంటాయి, ఏడాది చివరి అంకె ఒక్కటే మారుతుంది, ఎవరూ గుర్తుపట్టరు. ఆ తెలివికి నా భుజం నేనే తట్టుకున్నాను. మేనేజర్‌కు చెప్పలేదు. అంతా సర్దేశాను సార్ అన్నాను, ఆయన సరే అన్నాడు.

ఆఫీసులో ఆ తేదీతో ఎవరికీ పనిలేదు. బిల్లులు వేరే మిషన్‌లో అయ్యేవి. చిక్కల్లా ఆళ్ళగడ్డ ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్‌తోనే. విత్తనాల సంచికి కుట్టే ట్యాగులు అందులోనే అచ్చవుతాయి. మొలక పరీక్ష చేసిన తేదీ, అక్కడి నుంచి తొమ్మిది నెలల గడువు ట్యాగు మీద ఉండాలి. ఆ తేదీని ప్రోగ్రాము కంప్యూటర్ గడియారం నుంచే తీసుకునేది.

ఆ ల్యాబ్‌ను చూసేది ఒక పెద్దాయన. యాభై దాటింటాయి. సొంతూరు ఉయ్యాలవాడ పక్క పల్లె. చర్చికి పోయే కుటుంబం, భార్య ఆళ్ళగడ్డలోనే టీచరు. ప్లాంటులో అందరూ ఆయన్ను అన్నా అనేవాళ్ళు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. ఆయన పని లెక్కపెట్టడం. ప్రతి లాటు నుంచీ నాలుగు వందల గింజలు ఏరి, తడి కాగితాల మీద వరసగా పేర్చి, చాపలాగా చుట్టి నిలబెట్టేవాడు. పద్నాలుగో దినం విప్పి, మొలిచిందొకటి, వంకరగా మొలిచిందొకటి, కుళ్ళిందొకటి, విడివిడిగా ఎంచేవాడు. ఎంచేటప్పుడు పక్కన ఎవరు నిలబడినా తలెత్తేవాడు కాదు. ఇరవై రెండేళ్ళలో ఆయన లెక్క తప్పిందన్నవాళ్ళు లేరు. ఎవరి మీదైనా లేచే నా నోరు ఆయన దగ్గర లేచేది కాదు. ఎందుకో ఆయన్ను చూస్తే బళ్ళో సరిగ్గా చదవని పిల్లనైపోయేదాన్ని.

ఈ తేదీ సంగతి చెప్పినప్పుడు ఆయనకు నచ్చలేదు.

"తేదీ అబద్ధం పెట్టొచ్చునామ్మా?"

"అబద్ధం మనం చెప్తాండామా అన్నా? మిషన్‌కు చెప్తాండాం, అంతే. ట్యాగులు కొట్టే ముందర ఏడాది సరిచేసుకో. అయిపోయినాక మళ్ళీ వెనక్కి పెట్టు. ఈ మాట ఇంగెవరికీ చెప్పొద్దు."

ఆయన సరేనని తలూపాడు. తేదీ ఎట్లా మార్చాలో నాతో రెండుసార్లు చేయించుకొని, తానొకసారి చేసి చూపించాడు. ఆ తర్వాత మూడు నెలలు ఒక్క పొరపాటూ లేకుండా, ట్యాగులకు ముందర ఒకసారి, తర్వాత ఒకసారి, తేదీ మారుస్తూనే వచ్చాడు. నేను ఆ సంగతే మర్చిపోయాను.

వరి నారుమళ్ళకు విత్తనం పోయే రోజులవి. ప్లాంటు ముందర లారీలు, ట్రాక్టర్లు. ఆ శనివారం నేను పోయేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, ల్యాబ్‌లో ఎవరూ లేరు. ఆయన అన్నానికి ఇంటికి పోయాడని వాచ్‌మన్ చెప్పాడు. ప్రింటర్‌లో ట్యాగుల కాగితం ఎక్కించి ఉంది. ఫ్లాపీ పెట్టి యాంటీవైరస్ తెరిస్తే తెరుచుకోలేదు, గడువు తీరిందంది. తేదీ చూశాను. సరైన ఏడాదే ఉంది. ఆయన వచ్చి ట్యాగులు కొట్టుకోవడానికి ముందుగానే సరిచేసి పోయాడన్నమాట. నేను దాన్ని వెనక్కి తిప్పాను. నాలుగు ఫ్లాపీలూ ఎక్కించి, మిషనంతా స్కాన్ చేసి, ఏ తెగులూ లేదని సంతోషపడి, ఫ్లాపీలు డబ్బాలో పెట్టుకున్నాను. మూడు గంటల బస్సు తప్పితే మళ్ళీ అయిదు దాకా లేదు. పరిగెత్తుకుంటూ పోయి ఎక్కాను. తేదీ మళ్ళీ ముందుకు పెట్టలేదు. ఒక చీటీ అయినా రాసి పెట్టలేదు.

ఆయన వచ్చి, తాను సరిచేసి పోయిన మిషనే కదా అని, ట్యాగులు కొట్టాడు. ఇంకా కొట్టాల్సినవి ఉన్నాయని మిషన్‌లో తేదీ జోలికి పోలేదు. లాటు నంబరు, మొలక శాతం, బరువు రిజిస్టర్‌తో సరిచూసుకున్నాడు. రోజు సరిగ్గానే ఉంది. నెల సరిగ్గానే ఉంది. నా తెలివి అంత బాగా పనిచేసింది.

గురువారం నాడు రుద్రవరం నుంచి ఒక రైతు సంచి భుజాన వేసుకొని నంద్యాల ఆఫీసుకే వచ్చాడు. ట్యాగు మేనేజర్ బల్ల మీద పెట్టి, పోయినేటి గింజలు అంటగడతాండారా మాకు అని అడిగాడు. అరవలేదు, అందుకే ఆఫీసంతా వినింది. ట్యాగు ప్రకారం ఆ విత్తనం గడువు తీరి మూడు నెలలైంది. అప్పటికే ఆళ్ళగడ్డలో వ్యవసాయాధికారి ఆ లాటు అమ్మకం ఆపించాడు. మా ప్రాంతంలో దొంగ విత్తనాలకు మునిగిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, రైతుకు కోపం రావడంలో తప్పేమీ లేదు. మేనేజర్ ఫోనెత్తి ల్యాబ్ అన్నతో మాట్లాడాడు. మాట్లాడి, విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని చెప్పి పెట్టేశాడు.

నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. ట్యాగు చూడగానే నాకు అర్థమైంది. అప్పుడే లేచి చెప్పుండాల్సింది. లేవలేదు.

ఇన్నేళ్ళ తర్వాత దీన్ని అందంగా చెప్పుకోవడంలో అర్థం లేదు. భయపడ్డాను. తేదీలు వెనక్కి తిప్పిన సంగతి బయటపడితే నా ఉద్యోగం పోతుంది. ఊళ్ళో నాలాంటి పనిచేసే ఆడమనిషి ఇంకొకరు లేరని మా నాయన పదిమందికీ చెప్పుకునేవాడు. ఇవాళ కాదు రేపు చెబుదాం, విచారణలో అదే తేలుతుంది, ఆయన అంత పాత మనిషి, ఆయన్నేం చేస్తారు అనుకున్నాను. ఆయన నోరు తెరిచి, ఈ తేదీల పని నాకు నేర్పింది ఆమే అంటాడేమోనని కూడా ఎదురుచూశాను. అంటే నాకు చెప్పే అవసరం తప్పుతుంది కదా.

శనివారం ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. గుండ్రటి అక్షరాలు. "ట్యాగులు కొట్టే ముందు తేదీ సరిచేయడం నేనే మరిచిపోయాను. ఇందులో మరెవరి తప్పూ లేదు. విత్తనం ఈ ఏటిదే, మంచిదే. రైతులకు నష్టం రానివ్వవద్దు." తేదీ ఎందుకు సరిచేయాల్సి వచ్చిందో రాయలేదు. ఎవరికీ చెప్పొద్దని నేనన్న మాటకు కట్టుబడ్డాడు. మేనేజర్ ఆ ఉత్తరం చదివి, వయసు మీదపడితే అంతే, ఇంక ఇంటికి పంపాల్సిందే అన్నాడు. ఆ వారం నాకు జ్వరమని చెప్పి ఆళ్ళగడ్డ పోలేదు. ఆయనే ఒప్పుకున్నాడు కదా అని నాలో ఒక మనిషి అంటూనే ఉంది. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది.

సోమవారం పొద్దున ప్లాంటు నుంచి ఫోన్ వస్తే నేనే ఎత్తాను. అక్కడి ఇన్‌చార్జి చెప్పాడు: అన్న నిన్న ప్లాంటుకు వచ్చి, ఈ ఏడాది తాను ఎంచిన లాట్లన్నీ ఇంకొకరి చేత మళ్ళీ ఎంచించమన్నాడట. నా లెక్క నమ్మొద్దు అన్నాడట. అట్లా ఎందుకంటాండాడో నాకు తెలీదు మేడం, మనిషి బాగలేడు అన్నాడు.

ఫోన్ పెట్టేసి మేనేజర్ గదిలోకి పోయి చెప్పేశాను. మార్చి నుంచి జరిగిందంతా, వరసగా. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అద్దాలు తీసి తుడుచుకుంటూ, "నాలుగు దినాల్నుంచి ఆడ కూర్చునే ఉండావు గదమ్మా" అన్నాడు. అంతకంటే తిట్టుంటేనే బాగుండేది. ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. రిజిస్టరు తీసుకొని ఆయనే అధికారి దగ్గరికి బయల్దేరాడు. నాకు ఉద్యోగం మిగిలింది గానీ ఒక హెచ్చరిక కాగితం ఫైల్లో చేరింది. ల్యాబ్ కంప్యూటర్ సంగతేమిటని అడిగితే, దానికి కేబుల్ పీకెయ్, ఫ్లాపీ పెట్టే చోట బిళ్ళ బిగించు, తేదీ సరిగ్గా పెట్టు, ఏ మందూ కొట్టొద్దు అన్నాడు. దేన్నీ ముట్టుకోని మిషన్‌కు తెగులు ఎట్లా వస్తుంది? మూడు నెలలు తెలివిగా తిరిగిన నాకు ఆ మాట తట్టనే లేదు. ల్యాబ్ అన్నను రేపట్నుంచి రమ్మని నువ్వే పోయి చెప్పు అని కూడా అన్నాడు.

పన్నెండు గంటల బస్సుకు పోయాను. ఆయన ఇంటి వసారాలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. నాలుగు దినాల గడ్డం. బడి ఉండే రోజే అయినా ఆయన భార్య ఇంట్లోనే ఉంది. నేను వదినా అని పలకరిస్తే, రా అని మాత్రం అంది.

నిలబడే చెప్పాను. "అన్నా, ఆ శనివారం నువ్వు అన్నానికి పోయినప్పుడు నేను వచ్చినా. తేదీ నువ్వు సరిగ్గానే పెట్టిండావు. నేను వెనక్కి తిప్పి, నీకు చెప్పకుండా బస్సుకు పోయినా."

ఆయన నా మొహంలోకి చూశాడు.

"నేను పెట్టిండానా?"

"పెట్టిండావన్నా."

"నీ కండ్లతో చూసినావా?"

"చూసినా. ఈ ఏడాదే ఉండె."

"ఇంగోసారి చెప్పు."

చెప్పాను. ఆయన లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. "ఇట్ల రా. ఈమె చెప్పేది ఇను." మూడోసారి ఆమెకు చెప్పాను. మేనేజర్ ముందర చెప్పడం కష్టమనుకున్నాను గానీ, కష్టమంటే అది. ఆమె వింటూ వింటూ గోడకు చేరగిలబడి కింద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆమె చెబితే నాకు తెలిసింది.

ఆయన నాయన తమ పల్లెలో ఉపదేశి. చర్చిలో ప్రార్థన చేయించే మనిషి. యాభై నాలుగో ఏట, ఒక ఆదివారం, నలభై ఏళ్ళుగా చెబుతున్న ప్రార్థన సగంలో ఆగిపోయాడట. తర్వాతి మాట గుర్తు రాలేదు. ఏడాది తిరిగేసరికి ఇంటి దోవ మర్చిపోయాడు. ఇంకో రెండేళ్ళకు కొడుకును ఎవరబ్బా నువ్వు అని అడిగాడు. ల్యాబ్ అన్నకు ఇప్పుడు అదే వయసు. తేదీ మార్చినట్టు ఆయనకు బాగా గుర్తుందట. మార్చలేదని ట్యాగులు చెబుతున్నాయి. అంటే తనకూ మొదలైందని ఆయన నిర్ణయించుకున్నాడు. స్టవ్ ఆర్పానా లేదా అని లేచి లేచి చూసుకుంటున్నాడట. నేను అన్నం తిన్నానా అని భార్యను అడుగుతున్నాడట. దోవ తప్పుతానేమోనని ప్లాంటుకు కూడా ఆమెను వెంట తీసుకొని పోయాడట. నన్ను ఒంటిగా విడిచి పోవద్దంటే ఆమె బడికి సెలవు పెట్టింది.

నేను నా ఉద్యోగం పోతుందేమోనని భయపడిన ఆ నాలుగు దినాలూ ఆయన ఆ కుర్చీలో కూర్చొని తన మతి పోవడం కోసం ఎదురుచూశాడు. తప్పైపోయిందన్నా అన్నాను. అంత చిన్న మాట నా జీవితంలో ఎప్పుడూ అనలేదు.

ఆయన కుర్చీలో సర్దుకొని కూర్చున్నాడు.

"నువ్వు వచ్చిపోయినావని ఆ పొద్దే వాచ్‌మన్ చెప్పినాడు."

"మరి నన్ను అడగలేదేం అన్నా?"

"ఫోన్ చేద్దామనే అనుకుంటి. మళ్ళీ, ఆయమ్మ తిప్పింటే చెప్పే పోయింటుంది, చెప్పకుండా పోయే మనిషి కాదులే అనుకుంటి." తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని వాటివైపే చూస్తూ అన్నాడు. "నీ మీద అనుమానం రాలేదమ్మా. నా మీదనే వచ్చె."